గూడు కట్టిన పక్షి అతిథి కాదు



ఏటా మన సరిహద్దు జిల్లాల్లో ఏదో ఒక ఊరి బొమ్మ పత్రికల్లో పడుతుంది. ఊరి చింతచెట్ల నిండా పెద్ద పెద్ద పక్షులు వాలి ఉంటాయి. బొమ్మ కింద "సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు" అని రాస్తారు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఇదే మాట. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఇదే మాట. కర్ణాటక అంచున చిలమత్తూరు మండలం వీరాపురంలోనూ ఇదే మాట. ఆ మాట వెనుక ఎంతో ప్రేమ ఉంది. కాని అందులో నిజం లేదు. వినడానికి ఇది చిన్న పొరపాటే అనిపిస్తుంది. దానివల్ల కలిగే నష్టం మాత్రం చిన్నది కాదు. ఆ సంగతి తెలియాలంటే ఈ పక్షులకూ మన ఊళ్ళకూ మధ్య నడిచిన రెండు వందల ఏళ్ళ చరిత్రను కొంచెం తిరగేయాలి.

ముందుగా అతిథి ఎవరో, ఇంటివారెవరో తేల్చుకుందాం. దీనికి పెద్ద శాస్త్రజ్ఞానం అక్కరలేదు. ఏ పక్షి అయినా ఎక్కడ గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుతుందో అదే దాని పుట్టిల్లు. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి మన చెరువులకు సూదితోక బాతులు వస్తాయి. మంగోలియా, టిబెట్ పీఠభూముల నుంచి హిమాలయాలు దాటి తలమీద నల్లచారలున్న బాతులు వస్తాయి. ఇవి మన దగ్గర మేత మేసి, ఎండలు ముదరకముందే వెళ్ళిపోతాయి. ఇక్కడ గూడు కట్టవు. వీటిని అతిథులంటే తప్పు లేదు. అసలైన సైబీరియా కొంగ తన గూడు సైబీరియా చిత్తడి నేలల్లోనే కట్టుకుంటుంది. శీతాకాలంలో అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తరువాత అక్కడ కూడా కనబడలేదు. అది మన చింతచెట్ల మీద ఎన్నడూ గూడు కట్టలేదు.

మరి మన ఊళ్ళలో గూళ్ళు కట్టేవి ఏవి? ముఖ్యంగా మూడు. మొదటిది గూడబాతు, ఇంగ్లీషు పుస్తకాల్లో పెలికన్ అనేది. రెండవది రెక్కల మీద నలుపు, తోక దగ్గర గులాబి రంగు పులుముకున్న పెద్ద కొంగ, పెయింటెడ్ స్టార్క్ అనేది. మూడవది ముక్కు మూసినా మధ్యలో సందు కనబడే నత్తలు తినే కొంగ, ఓపెన్‌బిల్ అనేది. ఈ మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులు. నీళ్ళు ఉన్నచోటును వెతుక్కుంటూ ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తిరుగుతాయి. సముద్రాలు, ఖండాలు దాటి రావు.

రెండు భాషల మధ్య బతికే మనకు వీటి పేర్లే మంచి సాక్ష్యం. చేలకు నీళ్ళు తోడే గూడను చూసిన వాళ్ళకు గూడబాతు దవడ కింద వేలాడే సంచి చూడగానే ఆ పేరు ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. తమిళులు దీన్ని కూళైక్కడా అంటారు, కన్నడిగులు హెజ్జార్లె అంటారు. తమిళంలో కొక్కు, కన్నడంలో కొక్కరె, తెలుగులో కొక్కెర. దూరదేశపు చుట్టానికి ఇన్ని భాషల్లో ఇంత పాత ఇంటిపేర్లు పుట్టవు. రైతులు తరతరాలుగా రోజూ చూసిన ప్రాణికే ఇలాంటి పేర్లు పెడతారు.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. తమిళనాడులో చెంగల్పట్టు ప్రాంతంలో వేడంతాంగల్ అనే చిన్న ఊరు ఉంది. తమిళంలో వేడన్ అంటే వేటగాడు. ఆ ఊరి పేరుకు వేటగాడి తావు అని అర్థం చెబుతారు. పూర్వం అక్కడి భూస్వాములు వేటకు వచ్చే చోటు అది. ఊరి చెరువు విస్తీర్ణం సుమారు 30 హెక్టార్లు మాత్రమే. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే, నీళ్ళలో నిలిచిన చెట్ల మీద వేలాది పక్షులు గూళ్ళు కడతాయి. వాటి రెట్ట నీటిలో కలిసి చెరువు నీరు ఎరువు నీరవుతుంది. ఆ నీరు పారిన పొలం బాగా పండుతుందని రైతులు ఎప్పుడో కనిపెట్టారు.

పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లీషు కంపెనీ సిపాయిలు ఆ చెరువు మీద తుపాకులు పేల్చి పక్షులను కొట్టడం మొదలుపెట్టారు. ఊరివాళ్ళు ఊరుకోలేదు. జిల్లా కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరకు వెళ్ళి మొరపెట్టుకున్నారు. 1798లో ఆయన వారికి ఒక కౌలు రాసి ఇచ్చాడు. ఆ పక్షులను ఎవరూ కొట్టకూడదు, కాపాడుకునే హక్కు ఊరివాళ్ళది అని దాని సారాంశం. కౌలు అనే మాట మనకు కొత్త కాదు. భూమిని కౌలుకిచ్చామంటాం, కౌలుకు తీసుకున్నామంటాం. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకు అసలు అర్థం "ఇచ్చిన మాట" అని. అంటే దొరతనం ఊరికి మాట ఇచ్చిందన్నమాట. 1858లో ఆ మాటను మరోసారి స్థిరపరచారు. 1936లో జిల్లా అధికారులు దాన్ని పక్షుల రక్షణ స్థలంగా గుర్తించారు. 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సార్ జాబితాలో, ఆ చెరువు చేరింది.

ఇక్కడ శ్రోతలు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది 1972లో. వేడంతాంగల్ కౌలు దానికి 174 ఏళ్ళు ముందుది. చట్టం చెప్పినందుకు రైతులు పక్షులను కాపాడలేదు. రైతులే వెళ్ళి ప్రభుత్వం చేత చెప్పించారు. వాళ్ళు పక్షులను చూసిపోయే చుట్టాలుగా చూడలేదు. చెరువులోనూ పంటలోనూ భాగమున్న పాలివాళ్ళుగా చూశారు. అందుకే హక్కు అడిగారు.

ఆ హక్కుకు నేటికీ పరీక్షలు తప్పడం లేదు. చెరువు ఒక్కటి మిగిలితే చాలదు, చుట్టుపక్కల మేత దొరికే చేలూ చెరువులూ ఉండాలని గ్రహించి 1998లో 5 కిలోమీటర్ల పరిధిని అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పరిధిని 3 కిలోమీటర్లకు తగ్గించాలన్న ప్రతిపాదన 2020లో వచ్చి పెద్ద చర్చకు దారితీసింది. గూడు ఉన్న చెరువుకు ఏ ఢోకా లేదు కదా, చుట్టూ నేల తగ్గితే ఏమిటి అన్నది ఒక వాదన. పక్షి గూట్లో పుడుతుంది గాని గూట్లో మేయదన్నది దానికి జవాబు.

ఇలా కాపాడుకున్న ఊరు ఒకటైతే, పోగొట్టుకున్నవి ఎన్నో. మన వాళ్ళు రంగూన్ ఓడలెక్కి పొట్ట చేతబట్టుకుని వెళ్ళిన బర్మాలో సిట్టాంగ్ నది మైదానం ఉంది. 1877 ప్రాంతంలో అక్కడ గూడబాతుల గూళ్ళు లెక్కకు అందనంతగా ఉన్నాయని ఇంగ్లీషు పక్షిశాస్త్రజ్ఞులు రాసిపెట్టారు. ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి ఆ కొలువు మాయమైపోయింది. మన రాయలసీమలో బుచ్చుపల్లె అనే ఊళ్ళో గూడబాతులూ కొంగలూ కలిసి గూళ్ళు కట్టడం 1902లో నమోదయింది. తరువాత వెతికినవారికి ఆ కొలువు దొరకలేదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో 1946లో మరో పెద్ద కొలువును కె.కె. నీలకంఠన్ గుర్తించారు. ఆయన మలయాళీ, వృత్తికి ఉపాధ్యాయుడు. ఇందుచూడన్ అనే కలం పేరుతో కేరళ పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం 1958లో వచ్చింది. మన తెలుగు ఊరి పక్షుల కథ లోకానికి చెప్పడానికి పక్క భాష పంతులు రావలసి వచ్చింది. 1970ల నడిమికి ఆరేడు కూడా ఖాళీ అయింది.

ఇంత పెద్ద పక్షులు, ఇన్ని వేల గూళ్ళు, మూడు నాలుగు పదుల ఏళ్ళలో ఎలా మాయమవుతాయి? దీనికి కారణం వాటి కాపురంలోనే ఉంది. గూడబాతు గుడ్లు పొదగడానికి నెల రోజులు పడుతుంది. పిల్లకు రెక్కలు వచ్చి ఎగరడానికి మరో మూడు నెలలకు పైగా పడుతుంది. అన్నాళ్ళూ చెట్టు నిలవాలి, చెట్టు కింద అలికిడి ఉండకూడదు, ఎగిరి వెళ్ళి వచ్చే దూరంలో చేపలున్న నీళ్ళు ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ ఏటి పిల్లలు పోతాయి. వరసగా కొన్నేళ్ళు తప్పితే పెద్ద పక్షులు ఆ ఊరినే వదిలేస్తాయి. ఒకసారి వదిలిన ఊరికి మళ్ళీ వస్తాయన్న నమ్మకం లేదు.

ఇక సరిహద్దు మీద ఉన్న మన ప్రాంతం సంగతి చూద్దాం. సూళ్ళూరుపేటకు దగ్గరలో నేలపట్టు ఉంది. దక్షిణ భారతంలో గూడబాతులు గూళ్ళు కట్టే పెద్ద కొలువుల్లో అది ఒకటి. 1976లో అభయారణ్యం అయింది. దాని విస్తీర్ణం సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. అక్కడి చెట్లు నీళ్ళలో నెలల తరబడి నిలబడినా చావని జాతివి. ఆ చెట్ల మీద పుట్టిన పిల్లలకు మేత ఎక్కడిది? చుట్టుపక్కల చెరువులదీ, పక్కనే ఉన్న పులికాట్ సరస్సుదీ.

పులికాట్‌ను మన తెలుగువాళ్ళు ప్రళయ కావేరి అని కూడా అంటారు. తమిళులు పళవేర్కాడు అంటారు. చిలికా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పుటేటి సరస్సు అదే. దక్షిణాన ఆరణి, పడమట కాళంగి నదులు దానిలో కలుస్తాయి. తూర్పున శ్రీహరికోట దీవి దాన్ని సముద్రం నుంచి వేరు చేస్తుంది. 1610లో వెంకటపతి రాయల అనుమతితో డచ్చివారు పులికాట్‌లో వర్తకం స్థాపించుకున్నారు. 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఈ తీరాన నేసిన బట్టలు అక్కడి నుంచి తూర్పు దీవులకు ఓడలెక్కాయి. 1825లో ఆ రేవు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. రాజులు మారారు, కంపెనీలు మారాయి, సరస్సు మాత్రం ఒకటిగానే ఉండేది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ నీళ్ళ మీద కూడా గీత పడింది. పటాస్కర్ సిఫారసుల ప్రకారం 1960 ఏప్రిల్ 1న మరోసారి సరిహద్దు సర్దారు. తిరుత్తణి మద్రాసుకు వెళ్ళింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. ఆ గీతకు అటూ ఇటూ మిగిలిపోయిన తెలుగు కుటుంబాలూ తమిళ కుటుంబాలూ ఎలా సర్దుకున్నాయో మనకు తెలియనిది కాదు. సరస్సులో పెద్ద భాగం ఆంధ్రకు, దక్షిణపు భాగం తమిళనాడుకు వచ్చింది. ఆంధ్ర భాగం 1976లో, తమిళనాడు భాగం 1980లో పక్షుల అభయారణ్యాలయ్యాయి. ఒకే నీళ్ళకు రెండు ప్రకటనలు, రెండు శాఖలు.

గూడబాతుకు ఈ గీత తెలియదు. అది నేలపట్టులో గూడు కట్టి, నీరు ఎక్కడుంటే అక్కడికి మేతకు పోతుంది. సరస్సు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే సముద్రపు నీరు లోపలికి రాదు. నీరు రాకపోతే చేప పిల్ల రాదు. అప్పుడు గూడబాతుకూ మేత లేదు, పడవ వేసుకునే మత్స్యకారుడికీ పని లేదు. అక్కడి మత్స్యకారుల్లో పాడు అనే పాత కట్టుబాటు ఉంది. ఏ ఊరివాళ్ళు ఏ రోజు ఎక్కడ వల వేయాలో వంతులు వేసుకునే పద్ధతి అది. వేడంతాంగల్ కౌలు లాంటిదే ఇదీ. నీటిని ఒక్కరే దోచుకోకుండా పదిమందీ మాట ఇచ్చిపుచ్చుకోవడం. పక్షిని రక్షించడమంటే మత్స్యకారుణ్ణి తరిమివేయడం అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పక్షి ఆకలీ అతని ఆకలీ ఒకే ముఖద్వారం దగ్గర ఉన్నాయి.

ఇప్పుడు చింతచెట్టు దగ్గరకు వద్దాం. కర్ణాటకలో మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో కొక్కరె బెళ్ళూరు ఉంది. అక్కడ పక్షులు ఊరి నడుమ ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయి. ప్లేగు వచ్చి ఊరు చోటు మార్చినప్పుడు పక్షులు కూడా వెంట వచ్చాయని అక్కడి పెద్దలు చెప్పుకుంటారు. పక్షి రాకపోతే ఊరికి మంచిది కాదని వాళ్ళ నమ్మకం. నమ్మకం మంచిదే. కాని చింతచెట్టు యజమాని వైపు నుంచి కూడా ఆలోచించాలి. గూళ్ళు ఉండేదీ, చింతకాయ రాల్చవలసినదీ ఒకే కాలం. కొమ్మ దులిపితే పిల్లలు పడిపోతాయి. దులపకపోతే ఆ ఏటి రాబడి పోతుంది. పైగా కింద వాకిలంతా రెట్ట, వాసన. ఏళ్ళ తరబడి ఈ నష్టాన్ని నోరు మూసుకుని భరించింది ఆ చెట్టు యజమానే.

అందుకే అక్కడ అటవీ శాఖ చెట్టు యజమానులకు పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది. 1994లో స్థానికులు కలిసి హెజ్జార్లె బళగ అనే సంఘం ఏర్పాటు చేసుకున్నారు. గూటి నుంచి జారిపడిన పిల్లలను సాకి మళ్ళీ వదిలే పని ఆ సంఘం చేసింది. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ వల్ల ఊరివాళ్ళ భాగస్వామ్యంతో రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసే వీలు కలిగింది. 2007లో కొక్కరె బెళ్ళూరుకు ఆ హోదా వచ్చింది. అయినా కథ అక్కడితో అయిపోలేదు. 2017 చివర, 2018 మొదట్లో అక్కడ పదుల సంఖ్యలో గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన పురుగులు కారణమని తేలింది. ఊళ్ళో చెట్టు భద్రంగానే ఉంది. తేడా వచ్చింది అవి మేసే నీళ్ళలో.

ఒడిశా సరిహద్దులోని తేలుకుంచి సంగతి కూడా ఇలాంటిదే. అక్కడికి వచ్చే ముక్కుసందు కొంగలు తొలకరితో వస్తాయి. అవి వచ్చాయి కనుక వానలు పడతాయని రైతుల మాట. వానలకు చేలల్లో నత్తలు బయటపడతాయి, నత్తలు ఉన్నాయి కనుక కొంగలు వస్తాయని శాస్త్రం. రెండు మాటలూ ఒకదానికొకటి విరోధం కావు. రెండింటిలోనూ కొంగకూ చేనుకూ సంబంధం ఉంది. ఆ ఊరివాళ్ళు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. కాని 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను ఎలా నేలకు కూల్చిందో ఆ జిల్లావాళ్ళు మరచిపోలేరు. అలాంటి గాలికి ఒక పాత చింతచెట్టు పడిపోతే, దాని చోట నాటిన మొక్క గూళ్ళు మోసేంత చెట్టు కావడానికి ఒక తరం పడుతుంది. ఇప్పుడు నాటకపోతే తరువాతి తరం పక్షికి కొమ్మ ఉండదు.

శ్రోతలారా, మొదట చెప్పిన "విదేశీ అతిథి" అన్న మాటకు తిరిగి వద్దాం. అతిథి ఈ ఏడు రాకపోతే మనం ఏమంటాం? దారిలో ఏమయిందో, వచ్చే ఏడు వస్తాడులే అంటాం. సైబీరియాలో ఏదో జరిగి ఉంటుందని సరిపెట్టుకుంటాం. తప్పు మన మీదికి రాదు. అదే ఇంటివాడు ఇంటికి రాకపోతే అలా ఊరుకోం. మన చెరువు ఎండిందా, పూడిందా, రొయ్యల గుంట అయిందా, చేలో కొట్టిన మందు నత్తల్లో చేరిందా, చెట్టును ఎవరు కొట్టారు అని వెతుకుతాం. మాట మారితే వెతకవలసిన చోటు మారుతుంది. బుచ్చుపల్లెలో, ఆరేడులో అలా వెతికినవాళ్ళు సమయానికి లేకపోయారు.

తరతరాలుగా ఒక నేల మీద పుట్టి పెరిగినా భాష వేరైనందుకు "మీరు ఎక్కడి నుంచి వచ్చారు" అనే ప్రశ్న విన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. హోసూరులోనూ, బళ్ళారిలోనూ, గంజాంలోనూ ఆ ప్రశ్నకు మనం చెప్పే జవాబు ఒకటే: మా తాతలు ఇక్కడే పుట్టారు, మేమూ ఇక్కడివాళ్ళమే. గూడబాతు తరఫున కూడా ఆ జవాబు చెప్పగలిగేది మనమే.

చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. మీ ఊళ్ళో గూళ్ళు ఉంటే, మొదటి పక్షి ఏ తేదీన వచ్చిందో, ఎన్ని చెట్ల మీద ఎన్ని గూళ్ళు కట్టాయో బడిలో ఒక పుస్తకం పెట్టి పిల్లల చేత ఏటా రాయించండి. పదేళ్ళ లెక్క చేతిలో ఉంటే అధికారి ముందు మాట్లాడే ధైర్యం వస్తుంది. గూళ్ళున్న చెట్టు యజమానికి నష్టం ఎంతో గ్రామసభలో లెక్క వేసి, పరిహారం అడగండి. ప్రతి పాత చింతచెట్టుకూ దగ్గరలో రెండు మొక్కలు నాటండి. చెరువు లోపల నీళ్ళలో నిలిచిన తుమ్మచెట్లను పూడికతీత పేరుతో మొదలంటా కొట్టించవద్దు. పత్రికలవాళ్ళు వచ్చి సైబీరియా అని రాసుకుంటుంటే, కాదండీ, ఇవి మా ఊరివే అని చెప్పండి.

వేడంతాంగల్ రైతులు కలెక్టరు దగ్గరకు వెళ్ళేనాటికి వాళ్ళ చేతిలో ఏ చట్టమూ లేదు. చెరువు తమది, పక్షులు తమవి అన్న మాట ఒక్కటే ఉంది. ఆ మాట మీద ఆ కొలువు ఇప్పటికీ నిలిచి ఉంది.